ఎడమచేతి మట్టి ఉండ

పోయిన శరత్కాలంలో పక్షవాతం వచ్చి పడిపోయిన కినుయోకి, నోరు పెగలగానే వచ్చిన మొదటి మాట మంచినీళ్లు కాదు, దేవుడి పేరూ కాదు. ఆసుపత్రిలో నర్సు కిటికీ తెర తీస్తూ, "మీ అమ్మగారు కళ్లు తెరిచారండీ" అని పక్కనున్న చిగుసాతో అంది. మంచం మీద వంకరపోయిన మూతి మెల్లగా కదిలింది.

"అమ్మను... కాదు. పిన్నిని."

నర్సు నవ్వేసింది. చిగుసా మాత్రం 'బతికింది, మా పిన్ని మా పిన్నిలాగే ఉంది' అనుకుని కుర్చీలో కూలబడింది.

ఈ దిద్దుబాటు చిగుసాకి బుద్ధెరిగినప్పటి నుంచీ అలవాటే. బడిలో పంతులమ్మ, చేపల షెడ్డు యజమాని, చివరికి చిగుసా పెళ్లిలో వియ్యపురాలు, ఎవరు "మీ అమ్మగారు" అన్నా సరే, అన్నవాళ్ల నోటి మాట నోట్లో ఉండగానే కినుయో సరిదిద్దేది. పెళ్లిపీటల దగ్గర కూడా ఊరుకోని మనిషి ఆసుపత్రి మంచం మీద ఊరుకుంటుందా?

చిగుసాని కన్నతల్లి సవాకో, బిడ్డ పాకడం నేర్వకముందే జ్వరంతో పోయింది. తండ్రి సూరచేపల ఓడ మీద దూరసముద్రాలకు పోయి, ఏదో రేవులో ఇంకో సంసారం పెట్టుకుని అటే ఉండిపోయాడు. సవాకో చెల్లెలు కినుయోకి అప్పటికే గెంజో అనే పడవ మనిషితో మాటయిపోయింది. ఆ తీరాన కొత్త జంట ఉదో గుడికి వెళ్లి దణ్ణం పెట్టుకుని వచ్చేటప్పుడు, పెళ్లికూతుర్ని గంటలు కట్టిన గుర్రం ఎక్కించి పెళ్లికొడుకు కళ్లెం పట్టుకుని నడిపించడం పాతకాలపు ముచ్చట. మార్చి ఉత్సవంలో ఇప్పటికీ కొన్ని జంటలు ఆ ముచ్చట తీర్చుకుంటాయి. వచ్చే మార్చిలో కినుయోని గుర్రం ఎక్కిస్తానని గెంజో ఊరంతా చెప్పుకున్నాడు. గెంజో తల్లి మాత్రం, "గుర్రం మీద కోడలొస్తే చాలు, కోడలి వీపు మీద ఇంకొకరి పిల్ల మాకొద్దు" అని తేల్చేసింది. కినుయో గుర్రాన్ని వదులుకుంది. బిడ్డని వీపుకి కట్టుకుని, సూరచేపలు ఉడికించి పొగబెట్టే షెడ్డులో పనికి కుదిరింది. ఇంక పెళ్లి మాట ఎత్తలేదు, ఎత్తిన వాళ్లని బతకనివ్వలేదు.

ఇంట్లో ఒక నియమం ఉండేది. పొద్దున్నే వేడన్నం మొదటి గరిటె పూజాపీఠం మీది సవాకో ఫొటో ముందు పెట్టాలి. చిగుసా ఆ ఫొటో ముందు మోకాళ్ల మీద కూర్చుని "అమ్మా, లేచాను" అనాలి. ఆ తర్వాతే పిన్ని చేతి ముద్ద నోటికి వచ్చేది. జలుబు చేసి నాలుగు రోజులు పిన్ని ఒళ్లోనే పడుకున్న పిల్ల, నిద్రమత్తులో ఒకసారి పిన్నినే "అమ్మా" అంది. కినుయో ఆ పిల్లని ఎత్తుకుపోయి ఫొటో ముందు కూర్చోబెట్టింది. "అమ్మ అదిగో" అంది, అంతే.

ఆసుపత్రిలో, పిన్ని కళ్లు తెరవని ఆ రాత్రులన్నీ చిగుసాని ఒకే భయం పీక్కుతింది. ఈ మనిషి వెళ్లిపోతే, నోరారా అమ్మా అని ఒక్కసారైనా పిలవకుండానే పంపించేసినదాన్ని అవుతాను. యాభై నాలుగేళ్ల మనిషికి అదేం కోరిక అని ఎవరైనా నవ్వొచ్చు. నవ్వేవాళ్లకి చిన్నప్పుడే ఆ మాట తేరగా దొరికి ఉంటుంది.

అందుకే చలి కాస్త తగ్గగానే, దేవుడికి దణ్ణం పెట్టుకోవాలన్న వంకతో పిన్నిని ఉదో అంతరీపానికి బయల్దేరదీసింది.

లోకంలో గుళ్లన్నీ మెట్లెక్కితే కనిపిస్తాయి. ఉదో గుడి మెట్లు దిగితే కనిపిస్తుంది. నేల సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన చోట, ఆ ముక్కు కింద గుహలో ఉంటుందది. పోయేటప్పుడు సుఖం, వచ్చేటప్పుడు ఆయాసం. కినుయో చేతికర్ర ముందు పెట్టి, తర్వాత ఎడమకాలు, ఆ తర్వాత కుడికాలు లాక్కుంటూ దిగుతోంది. కింద అలలు నల్లరాళ్ల మీద పడి తెల్లగా విరిగిపోతున్నాయి. గాలిలో ఉప్పు, ఎండ, తడి నాచు వాసన.

"పిన్నీ, నా భుజం పట్టుకో."

"నీ భుజం నువ్వే మోసుకో. పెళ్లయిన కొత్తలో మీ ఆయన్ని ఈ మెట్ల మీద ఎవరు పట్టుకున్నారే? నేనేగా? ఎర్ర రెయిలింగు పట్టుకుని వణికిపోయాడు మహానుభావుడు."

"ఆయన్నెందుకు ఇప్పుడు?"

"ఊరికే. గుర్తొచ్చాడు."

చిగుసా దారి పొడుగునా ఒక ఉపన్యాసం మనసులో కూర్చుకుంటూ వచ్చింది. మెట్ల మలుపులో ఆగి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. "పిన్నీ, నువ్వు నాకోసం ఇన్నేళ్లు చేసిందానికి నేను ఎంతో..."

"ఏంటే ఇది, షెడ్డులో రిటైర్మెంటు సభా? దండ కూడా తెచ్చావా?" కినుయో కర్ర ఠకఠకలాడిస్తూ ముందుకు సాగిపోయింది.

ఉపన్యాసం అక్కడితో సరి.

గుహలో గుడి వెనక, గోడకి రెండు రాతి పొంగులున్నాయి. వాటి నుంచి చుక్క చుక్క నీరు కారుతూ ఉంటుంది. అక్కడ ఒక పడుచు జంట నిలబడి ఉంది. ఆ పిల్ల రొమ్ముకి పసిబిడ్డ కట్టి ఉంది. బోర్డు మీది రాత చదవడానికి తంటాలు పడుతూ, ఆమె కినుయోని అడిగింది. "పెద్దమ్మగారూ, ఈ రాతికి పాలు రావడమేమిటండీ?"

కథ చెప్పమంటే కినుయోకి నొప్పులు గుర్తుండవు. కర్ర గోడకి ఆనించి అందుకుంది.

"సముద్రపు రాజు కూతురు మన నేల మీది రాకుమారుణ్ణి చేసుకుందమ్మా. కాన్పుకి ఇక్కడికొచ్చింది. నీటికాకి ఈకలతో పాక కడుతున్నారు, కప్పు ఇంకా పూర్తి కాలేదు, నొప్పులొచ్చేశాయి. 'నేను కనేటప్పుడు లోపలికి చూడకు' అంది. మగాణ్ణి చూడొద్దంటే ఊరుకుంటాడా? చూశాడు. లోపల పెళ్లాం లేదు, పెద్ద జలచరం మెలికలు తిరుగుతోంది. ఆవిడకి తలకొట్టేసినట్టయింది. బిడ్డని ఇక్కడే వదిలి సముద్రంలోకి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ, బిడ్డ ఆకలికి ఏడుస్తాడని తన రొమ్ములు ఈ రాతికి అంటించి పోయింది. ఆ పాలతోనే పెరిగి పెద్దవాడయ్యాడు. అంతే కథ."

"అంతే కాదండీ" అంది చిగుసా.

చిన్నప్పుడు ఆమె కూడా అంతే కథ అనుకుంది. బడిలో పంతులమ్మ మిగతా సగం చెప్పిన రోజున ఇంటికి పరుగెత్తుకొచ్చి, "పిన్నీ, నువ్వు ఒక మనిషిని వదిలేశావు!" అని పోట్లాడింది. "ఆవిడ అంత ముఖ్యం కాదులే" అని కినుయో చేపలు తోముకుంటూ కూర్చుంది.

"ఆ రాకుమారి తన చెల్లెల్ని పంపించింది" అని చిగుసా ఆ పిల్లకి చెప్పింది. "ఆ చెల్లెలు సముద్రంలో తన ఇంటిని, తన బతుకుని వదులుకుని ఒడ్డుకొచ్చింది. రాయి పాలు కారిస్తే కార్చింది, బిడ్డ నోట్లో పోయడానికి ఒక మనిషి కావాలి కదండీ. పోసింది ఆవిడ. రాత్రిళ్లు మేలుకుంది ఆవిడ. మా పిన్ని ఎప్పుడు చెప్పినా ఆవిణ్ణి ఎగరగొట్టేస్తుంది."

కినుయో కర్ర తీసుకుంది. "నీళ్లు పట్టుకో. వాగుడు చాలు" అంది. కానీ ఆమె చెవులు ఎర్రబడటం చిగుసా చూసింది. ఈ నీళ్లతో చేసి గుడిలో అమ్మే మిఠాయిని గంజిలో కరిగించి పట్టి, ఈ మనిషి తనని పెంచింది. అది గుర్తొచ్చి చిగుసాకి కడుపులోంచి దుఃఖం లాంటి సంతోషం పొంగింది.

గుడి ముందు వసారా నుంచి చూస్తే కింద, అలల మధ్య, తాబేలు రాయి కనిపిస్తుంది. కాన్పుకి ఆ రాకుమారి ఎక్కి వచ్చిన తాబేలే అదట. దాని వీపు మీద నీళ్లు నిలిచిన గుంట, గుంట చుట్టూ గడ్డితాడు. కోరిక తలుచుకుని మట్టి ఉండ విసరాలి, గుంటలో పడాలి. మగవాళ్లు ఎడమచేత్తో, ఆడవాళ్లు కుడిచేత్తో. అది ఇక్కడి నియమం.

కినుయో ఐదు ఉండలు కొనిపించుకుంది. కుడిచేత్తో మొదటిది విసిరింది. వసారా కిందే పడింది. రెండోదీ అంతే. మూడోది చేతిలోంచే జారిపోయింది. పొగబెట్టిన చేపల బుట్టలు ఎత్తి పడేసిన చెయ్యి అది, ఇప్పుడు మట్టి ఉండకి చాలడం లేదు. నాలుగోది కూడా పోయాక ఆమె ముఖం చిన్నబోయింది.

"నేను వేస్తానుండు, పిన్నీ."

"నీకేం తెలుసు నేనేం అడుగుతున్నానో? నా ప్రశ్న నేనే వెయ్యాలి."

"అయితే ఎడమచేత్తో వెయ్యి."

"నేనేమన్నా మగాణ్ణా? దేవుడి దగ్గర దొంగాటలా?"

చిగుసాకి మనసులో కూర్చుకున్న ఉపన్యాసం ఒక్క ముక్కా గుర్తులేదు. నోటికొచ్చింది అనేసింది. "దొంగాట ఏముంది? మా నాన్న ఏడీ? ఇంటి కప్పు ఎక్కి పెంకులు సర్దింది ఎవరు? బడి ఆటల రోజున నాన్నల పరుగుపందెంలో గమ్‌బూట్లు వేసుకుని పరుగెత్తింది ఎవరు? రెండు పనులూ నువ్వే చేశావు. నీకు రెండు చేతులూ చెల్లుతాయి. కాదన్న దేవుడెవరో నాకు చూపించు."

ఉండలు అమ్మే ఆవిడ పక్కకి తిరిగి కళ్లు తుడుచుకుంది. కినుయో చివరి ఉండని ఎడమచేతిలోకి మార్చుకుని, పెదాలతో ఏదో గొణిగి, విసిరింది.

ఉండ బాగానే పోయింది. గుంట అంచుకి తగిలి, ఎగిరి, గడ్డితాడుకి లోపలగా, నీళ్లకి జానెడు బయటగా పడి ఆగింది.

"పడలేదు" అంది కినుయో.

"పడింది! తాడు లోపల పడితే లెక్కే. ఏమండీ, లెక్కేనా కాదా?"

"లెక్కేనండీ" అంది ఉండలావిడ. "తాడు లోపలున్నదంతా దేవుడిదే."

కినుయో ఆ ఉండ వంక చూసి, ఉన్నట్టుండి నవ్వింది, వంకరమూతితోనే. "మా అక్క ఎప్పుడూ ఇంతే. ఏదడిగినా సూటిగా అవునని చెప్పి చావదు."

"ఏం అడిగావు పిన్నీ?"

"పోయే ముందు అక్క నా చెయ్యి పట్టుకుని, 'దాన్ని నన్ను మర్చిపోనివ్వకే' అంది. మర్చిపోనివ్వలేదు. ఇంతకాలం ఇక్కడికొచ్చి అదే మొక్కుకున్నాను. ఆసుపత్రిలో పడ్డాక బుద్ధి పెడదారి పట్టింది. దాని పిలుపు నాకు ఒక్కసారి అరువిస్తావా అక్కా అని అడిగాను, ఇప్పుడు. ముసలితనపు ఆశ."

చిగుసా ఆమె కుడిచేతిని, చాలని ఆ చేతిని, రెండు చేతులతో పట్టుకుంది. ఇన్నేళ్లు దాచుకున్న మాట పసిపిల్ల పిలిచినట్టు చిన్నగా వచ్చింది.

"అమ్మా."

"ఏమే" అంది కినుయో.

అంతే అంది. కానీ కళ్ల నీళ్లు గడ్డం దాకా కారిపోతుంటే తుడుచుకోలేదు. చిగుసా వంగి, నుదురు ఆ చేతికి ఆనించి, అలాగే ఉండిపోయింది. చెప్పాలనుకున్న కృతజ్ఞత అంతా అందులోనే అయిపోయింది.

తిరిగి ఎక్కేటప్పుడు మెట్ల దగ్గర పడుచు జంట మళ్లీ ఎదురైంది. కినుయో ఈసారి అడక్కుండానే చిగుసా భుజం పట్టుకుని ఉంది. పసిబిడ్డ తల్లి నవ్వుతూ పలకరించింది. "ఈ మెట్లు ఎక్కించి మరీ తీసుకెళ్తున్నారు! మీ అమ్మగారా అండీ?"

చిగుసా అలవాటు కొద్దీ ఆగింది, దిద్దుబాటు కోసం.

కినుయో ఊపిరి తీసుకుంది. ఆ పిల్లని చూసింది, రొమ్ముకి కట్టుకున్న బిడ్డని చూసింది, కింద తాబేలు రాయి వైపు ఒకసారి చూసింది.

"ఇవాళ్టి మటుకు అవునమ్మా" అంది.