మనుషులు కట్టిన చిత్తడి

ఆ సముద్రపు ఒడ్డున ఆమెను అందరూ మేకులమ్మ అనేవారు. మూడేళ్లుగా బారులు బారులుగా ఇనుప మేకులు దిగ్గొట్టి, వాటి గుండా నేలలోకి కరెంటు పంపి, తవ్వకుండానే కింద ఏముందో కనిపెట్టడం ఆమె పని. ఉప్పుమడుల ముసలమ్మ మొదట్లో కస్సుబుస్సులాడినా, పోనుపోను తానే దారి చూపించసాగింది. పక్క మడుల వాళ్లనూ ఆవిడే ఒప్పించింది.

చివరికి దొరికింది. ఉప్పుమడుల పక్కనున్న చిత్తడి నేల పొడుగునా మట్టీ రాళ్లూ పేర్చి కట్టిన పాత కరకట్ట. కింది మట్టిని పరీక్షిస్తే రెండువేల ఏళ్ల నాటిదని తేలింది. ఆ కట్ట వల్లే అక్కడ నీరు నిలిచి, చిత్తడి ఏర్పడింది.

ఆ ఆదివారమే అక్క ఇంటికెళ్లి, భోజనాల బల్ల మీద పటం పరిచింది. అక్క, ఆ చిత్తడి మీద రేవు కట్టబోయే కంపెనీలో పెద్ద ఉద్యోగి.

"ఇంకా అచ్చు కాలేదక్కా. ఎవరికీ చూపించకు."

"నాకు చెప్పాలిటే? ఇక్కడ ఉంచి వెళ్లు, తీరిగ్గా చూస్తా."

చిన్నప్పటి నుంచీ అక్క దగ్గర దాచింది లేదు. ఉంచేసి వచ్చింది.

నెల తిరక్కుండా, రేవు మీద జనం మాట వినే సభ జరిగింది. తెర మీద ఆ పటం. అడుగున తన పేరు. మైకు ముందు అక్క.

"ఈ చిత్తడి సహజమైంది కాదండీ, మనుషులు కట్టింది. సర్వేలోనే ఉంది. సహజమైన వాటికి చట్టం ఇచ్చే రక్షణ దీనికి వర్తించదు. పూడ్చుకోవచ్చు."

మేకులమ్మ గబుక్కున లేచింది. "నేను చెప్పింది అది కాదు! ఇక్కడివాళ్లు ఇన్ని తరాలు దీన్ని కాపాడుకొచ్చారని చెప్పాను!"

సభ నడిపే అధికారి కళ్లద్దాల పైనుంచి చూశాడు. "పటం మీదేనా?"

"నాదే, కానీ..."

"కూర్చోండమ్మా."

ముందు వరసలో ముసలమ్మ వెనక్కి తిరిగి ఆమె వంక చూసింది.

బయట మెట్ల మీద అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "నీకు పేరే వచ్చింది కదే. ముఖం మాడ్చుకుంటావేం?"

"అడిగితే ఇవ్వనని తెలిసే కదా, అడగలేదు?"

అక్క చెయ్యి వదిలేసి కారు తాళాలు వెతుక్కుంది.

మేకులమ్మ పూర్తి నివేదిక జతచేసి అభ్యంతరం రాసిచ్చింది. తీసుకుని ముద్ర వేశారు. రేవుకు అనుమతి మాత్రం ఆగలేదు.

జరిగిందంతా చెప్పుకుందామని ముసలమ్మ ఇంటికి వెళ్లింది. ఆవిడ గుమ్మంలోనే నిలబడి, అడ్డు చెప్పకుండా వింది.

"నువ్వు చెడ్డదానివని నేననను తల్లీ. నిన్ను రానిచ్చింది నేనే అని మావాళ్లెవరూ నాతో మాట్లాడటంలేదు."

అవతల లారీలు చిత్తడిలోకి మట్టి దింపుతున్నాయి.