పూజలో పెట్టిన రీలు

కోటేశ్వరరావు ఉయ్యూరు బస్టాండులో గంటన్నర నుంచి నిలబడి వచ్చే ప్రతి బస్సునీ చూస్తున్నాడు. ఆయన ఎదురుచూస్తున్న మనిషేమో విజయవాడలో రైలు దిగి, టాక్సీ మాట్లాడుకుని, దారి అడుక్కుంటూ తిన్నగా ఇంటి ముందుకే వచ్చేశాడు. తలుపు తీసింది ఆయన భార్య శాంతకుమారి.

వచ్చినతని పేరు గణేష్. మద్రాసులో ఒక రికార్డుల కంపెనీలో ఇంజనీరు. చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికొచ్చాడు. ఆవిడ మంచినీళ్ళిచ్చి, ఆయన వచ్చేస్తారు కూర్చోమంది. మధ్యాహ్నం రైలుకే తిరిగి వెళ్ళాలట, ఈలోపు టేపుల డబ్బాలు ఒకసారి చూస్తానన్నాడు. ఆవిడ బీరువా తెరిచి మూడు రేకు డబ్బాలు తెచ్చి చాప మీద పెట్టింది.

ఆ డబ్బాల కథ పాతది. డెబ్బై మూడులో విజయవాడ కాలేజీ కుర్రాళ్ళు నలుగురు కలిసి గిటార్లూ డ్రమ్సూ కొనుక్కుని బ్యారేజ్ బాయ్స్ అని ఒక బ్యాండు పెట్టారు. పాడేవాడు విశ్వేశ్వర్. డ్రమ్స్ వాయించేవాడు కోటేశ్వరరావు. అన్నీ ఇంగ్లీషు పాటలే, వాళ్ళే రాసుకున్నవి. మద్రాసు వెళ్ళి రెండేళ్ళలో రెండు ఎల్పీ రికార్డులు చేశారు. రెండో ఎల్పీకి కోటేశ్వరరావు తనే ఒక పాట కట్టి, తనే పాడాడు. బందరు కాలువ మీద పాట. వాళ్ళ పాటలన్నిట్లోకీ తెలుగు పాట అదొక్కటే. తీరా ఎల్పీ బయటికొచ్చేసరికి అందులో అది లేదు. తెలుగులో రాక్ ఏమిట్రా, నవ్వుతారు అని విశ్వేశ్వర్ తీయించేసి, ఆ జాగాలో తన పాట ఇంకొకటి పెట్టించాడు. ఏడాది తిరక్కుండా బొంబాయి వెళ్ళిపోయి, అక్కడ వేరేవాళ్ళని కూర్చుకుని, అదే పేరు మీద పాతికేళ్ళు పాడి పెద్దవాడయ్యాడు. కోటేశ్వరరావు ఉయ్యూరొచ్చి చక్కెర ఫ్యాక్టరీలో చెరకు కాటా దగ్గర గుమాస్తాగా చేరాడు. మద్రాసు స్టూడియో మూతపడేటప్పుడు ఎవరికీ అక్కర్లేని అసలు టేపుల్ని వాళ్ళు ఆయనకి పంపించేశారు. రెండు డబ్బాల్లో రెండు ఎల్పీలు. మూడో దాంట్లో మిగిలిపోయిన ఆ ఒక్క పాట.

ఇప్పుడు, రెండువేల మూడులో, ఆ తొలి ఎల్పీలు రెండూ రీమాస్టర్ చేసి సీడీలుగా తెస్తామని కంపెనీ ముందుకొచ్చింది. పాత టేపుల్లోంచి శబ్దం దింపి, గరగరలు తీసేసి, నిన్న పాడినట్టు చేస్తారట. ఫోనులో వాళ్ళు ఇంకో మాట కూడా అన్నారు. ఆ రోజుల్లో తెలుగు రాక్ పాటంటే మాటలు కాదు, రెండో సీడీ చివర దాన్ని వేస్తాం, అట్ట మీద మీ పేరు వేస్తాం అని. ఫోను పెట్టేశాక కోటేశ్వరరావు వంటింటి గుమ్మం దాకా వచ్చాడు.

"నాకూ ఒక గొంతుందని ఎవరికీ తెలీకుండానే పోతాననుకున్నానే శాంతా" అన్నాడు.

పెళ్ళయిన ఇరవయ్యేడేళ్ళలో ఆయన ఆవిడతో అంత మెత్తగా మాట్లాడిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. ఆవిడ ఆ పాట ఎన్నడూ వినలేదు. ఆ రీళ్ళు తిప్పే మిషను ఉయ్యూరులో ఎవరి దగ్గరుంది గనక.

గణేష్ మొదటి డబ్బా మూత తీసి, రీలుని వాసన చూసి, వేలితో మెల్లిగా తిప్పాడు. మొహం వెలిగింది. రెండోదీ అలాగే చూశాడు. పాత లుంగీ గుడ్డలో చుట్టి పెట్టడం మంచిదైందనీ, ఇంత బాగా ఉంటాయనుకోలేదనీ అన్నాడు. ఆవిడకి తనని మెచ్చుకున్నంత సంతోషమేసింది.

మూడో మూత తీసి, రీలు మీదికి పోనిచ్చిన వేలు వెనక్కి తీసుకున్నాడు.

రీలు మొత్తం పచ్చగా ఉంది. టేపు చుట్ల అంచుల మీద పసుపు ముద్ద ఎండి, పగుళ్ళిచ్చి, పొరలు పొరలుగా లేచి ఉంది. చుట్టూ కుంకుమ బొట్లు. మధ్య చిల్లులో అక్షింతలు, ఎండిన బంతిరేకులు. ఒక పక్క కర్పూరం పొగ నల్లగా పట్టింది.

ఏమిటిదని అడిగాడు. పూజండీ అంది ఆవిడ, ఇందులో అడగాల్సిందేముందన్నట్టు. దసరాకి ఆయుధపూజ నాడు ఇంట్లో కత్తిపీటకీ కుట్టుమిషనుకీ సైకిలుకీ అన్నిటికీ పసుపూ కుంకుమా పెడతారు కదా. ఆయన ఆ రోజు ఫ్యాక్టరీలో కాటా పూజకి వెళ్ళిపోయేవారు. కాపురానికొచ్చిన కొత్తలో ఈ డబ్బా చూపించి, నా విద్యంతా ఇందులో ఉందన్నారు. విద్య ఉన్న చోట పూజ చెయ్యకపోతే ఎలాగ. పై రేకుకి పెడితే లోపలికి చేరుతుందా అని మూత తీసే పెట్టేది. పసుపు తడి ఆరాక మళ్ళీ మూతపెట్టి, ఆయన వచ్చేలోపు బీరువాలో సర్దేసేది. ఏటా తప్పలేదు.

"మిగతా రెండిటికీ చెయ్యలేదా అమ్మగారూ?"

"అవి ఆయనవి కావు కదండీ."

గణేష్ గోటితో టేపు కొస పైకి లేపబోయాడు. ఒక చుట్టుకి ఇంకో చుట్టు అంటుకుని అట్టలా వచ్చింది. విడదీస్తే గోధుమరంగు పొడి అతని అరచేతిలోకి జలజలా రాలింది. ఏటా పెట్టిన తడి చుట్ల మధ్యకి దిగి, పై పూత ప్లాస్టిక్కుని వదిలేసిందని ఓపిగ్గా చెప్పాడు. ఆవిడ అర్థం కానట్టు చూస్తుంటే చెయ్యి ముందుకు చాపాడు.

"పాట ఈ పొడిలోనే ఉండేదమ్మా."

ఆవిడ ఆ పొడిని చూసింది. మళ్ళీ అతికించడానికి మందేదైనా ఉంటుందా అని అడిగింది. గణేష్ తల అడ్డంగా ఊపి, కంపెనీకి చూపించాలంటూ రీలుని నాలుగైదు ఫోటోలు తీసుకున్నాడు.

"ఆయనకి చెప్పకండి బాబూ. తొంభైలో గాలివానకి ఇల్లు కారింది. ఆ తడికి పోయిందనండి. మీ తల్లిలాంటిదాన్ని, చేతులెత్తి దణ్ణం పెడతాను."

ఎత్తింది కూడా. గణేష్ ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, సరే అన్నాడు.

కోటేశ్వరరావు చెమటలు కక్కుకుంటూ స్వీట్ల పొట్లంతో వచ్చేసరికి మూడు డబ్బాల మూతలూ బిగించి ఉన్నాయి. మూడో దానికి కాస్త తడి చేరినట్టుంది సార్, మా ప్రయత్నం మేం చేస్తాం అని గణేష్ నేల చూపులు చూస్తూ చెప్పాడు. తొంభైలో గాలివానకి బీరువా మీదే కారిందంటూ ఆవిడ గబగబా అందుకుంది. వస్తుందిలే, మద్రాసులో మిషన్లున్నాయి అని కోటేశ్వరరావు తనకి తనే చెప్పుకున్నాడు. డబ్బాలు టాక్సీలో తనే పెట్టి, మలుపు తిరిగేదాకా చూసి మరీ లోపలికొచ్చాడు.

ఆ వారమే శాంతకుమారి బస్సెక్కి బెజవాడ కొండ మీదకి వెళ్ళింది. మెట్లన్నిటికీ పసుపు రాసి బొట్టు పెట్టి మొక్కుకుందామనే వెళ్ళింది గానీ, కింది మెట్టు దగ్గర చెయ్యి పసుపు గిన్నెలో పెట్టి ఆగిపోయింది. అమ్మకి పసుపంటే ఇష్టమని పుట్టినప్పట్నుంచీ వింది. మరి ఇష్టమైనది ఇష్టంగా పెడితే ఇలా ఎందుకు చేసినట్టు? నువ్వు చెయ్యలేదు, నాకు తెలీక నేనే చేశానంటావా తల్లీ. తెలీనివాళ్ళం నీ దగ్గరికి కాక ఇంకెక్కడికి పోతాం? తగాదా పెట్టుకోడానికి కాదు, ఊరికే అడిగింది. వెనకవాళ్ళు జరగమన్నారు. వట్టి చేతులతోనే దణ్ణం పెట్టుకుని, రీలు ఎలాగైనా పాడేట్టు చెయ్యమని కోరుకుని వచ్చింది.

మూడు నెలలకి ఉత్తరం వచ్చింది. రెండు సీడీలూ తయారయ్యాయి, మూడో రీలులో శబ్దం దొరకలేదు, క్షమించాలి అని. కోటేశ్వరరావు ఉత్తరం చదివి మడిచాడు. ఏడుస్తాడనుకుంది. ఆయన నవ్వాడు.

"ఒకే బీరువా, ఒకే అర. రెండు డబ్బాలు పొడిగా ఉండి ఒకటే తడిసిందా? అదీ నాదే తడిసిందా? వాడు తీయించేశాడే. విశ్వంగాడు మళ్ళీ తీయించేశాడు."

అప్పుడు చెప్పేయాల్సింది. ఏమండీ అని మొదలెట్టింది కూడా. నీకు తెలీదు ఊరుకో, వాడి సంగతి నాకు తెలుసు అని ఆయన నోరు మూయించాడు. మూయించడమే చాలనుకుని ఆవిడ ఊరుకుంది. ఆ రోజు నుంచీ అన్నం ముందు కూర్చుంటే విశ్వేశ్వర్, స్నానానికి లేస్తే విశ్వేశ్వర్. తిట్టినకొద్దీ ఆయనకి వయసు తగ్గినట్టయ్యేది. ఆవిడ వింటూ వడ్డించేది. ఒక పెద్దమనిషిని చెయ్యని తప్పుకి తిట్టిస్తున్నాననే పాపభయం ఒక పక్క, ఆ తిట్లు తనమీదికి తిరుగుతాయన్న భయం ఒక పక్క. రెండో భయమే పెద్దది.

సీడీల విడుదల విజయవాడలోనే, ఏలూరు రోడ్డులో ఒక హోటల్ హాలులో ఆదివారం పొద్దున పెట్టారు. కోటేశ్వరరావు ఆవిణ్ణి కూడా రమ్మన్నాడు. వాణ్ణి నలుగురిలో కడిగేస్తాను చూద్దువుగాని అన్నాడు. ఆవిడ పెళ్ళిళ్ళకి కట్టే చీర కట్టుకుంది.

హాలు నిండా జనం. కాలేజీ పిల్లలు, పత్రికలవాళ్ళు, గుణదల నుంచి వచ్చిన గిటారు మాస్టర్లు. వేదిక మీద తెల్ల గడ్డంతో, జీన్సు ప్యాంటుతో విశ్వేశ్వర్. రీమాస్టర్ చేసిన మొదటి పాట వినిపించారు. గాజు మీద గాజు తగిలినంత స్పష్టంగా వినిపించింది డ్రమ్సు. ఇది మీరేనా అని శాంతకుమారి చెవిలో అడిగింది. ఆయన వినిపించుకోలేదు. పాట అయ్యీ కాకముందే లేచి, పక్కవాళ్ళ మోకాళ్ళు తోసుకుంటూ వెళ్ళి మైకు పుచ్చుకున్నాడు.

"విశ్వం. డెబ్బై అయిదులో ఒకసారి నా గొంతు కోశావు. ఇప్పుడు రెండోసారి. నా పాట ఏం చేశావో వీళ్ళందరికీ చెప్పు."

విశ్వేశ్వర్ కోప్పడలేదు. చిన్నగా నవ్వి, వెనక్కి తిరిగి, గణేష్, ఆ ఫోటోలు వెయ్యమ్మా అన్నాడు. వద్దు సార్ అని గణేష్ ఏదో గొణిగాడు. వెయ్యమంటున్నానా అన్నాడు విశ్వేశ్వర్. గోడ మీద తెర వెలిగి, గది గుమ్మమంత పెద్దగా పచ్చటి రీలు కనపడింది. బొట్లతో, అక్షింతలతో, బంతిరేకులతో.

"నేను తియ్యలేదురా కోటీ. మా చెల్లెమ్మ ఏటా దసరాకి పూజ చేసుకుంది. నీ పాటని పసుపు కుంకుమలిచ్చి సాగనంపింది."

నవ్వు ముందు వరసలో మొదలై వెనక దాకా వెళ్ళింది. కోటేశ్వరరావు తెర వంక చూశాడు, తర్వాత శాంతకుమారి వంక. చెల్లెమ్మా ఎక్కడున్నావు, ఒకసారి లేచి నిలబడమ్మా అని విశ్వేశ్వర్ పిలిచాడు. పెద్దవాళ్ళు పిలిస్తే లేవడం అలవాటు. లేచింది. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. చప్పట్లు కొట్టారు.

ఆవిడ భర్తనే చూస్తోంది. తిడతాడు, నలుగురిలో కొడతాడేమో కూడా. కొట్టినా బాగుండు. అందరూ ఆయన మొహం చూస్తున్నారు. ఉన్నట్టుండి ఆ మొహం మీదికి నవ్వొచ్చింది.

"మా ఆవిడంతేరా. గ్యాసు సిలిండరుకి కూడా బొట్టు పెడుతుంది. నయం, నేను కదలకుండా కూర్చోను గనక సరిపోయింది."

హాలు పగలబడి నవ్వింది. విశ్వేశ్వర్ దిగొచ్చి ఆయన్ని కావలించుకున్నాడు. పత్రికలవాళ్ళు ఫోటోలు తీశారు. ఎవరో సరదాకి కుంకుమ భరిణె తెచ్చి, కొత్త సీడీకి కూడా మీ చేత్తో బొట్టు పెట్టండమ్మా అన్నారు. ఆవిడ కదల్లేదు.

"పెట్టవే. అదొక్కటే కదా నీకు చాతయ్యేది" అన్నాడు కోటేశ్వరరావు, మైకులోనే, నవ్వుతూనే.

పెట్టింది. గణేష్ బయటికి వెళ్ళిపోవడం కనిపించింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బస్సెక్కారు. ఆయన తిట్టలేదు. పైనెల హైదరాబాదులో ప్రోగ్రాముందట, రెండు పాటలకి డ్రమ్స్ మీద కూర్చోమని విశ్వం అడిగాడట. వాడు మరీ అంత చెడ్డవాడేం కాదు అన్నాడు కిటికీలోంచి చూస్తూ. బస్సు ఊరు దాటుతోందనగా ఆవిడ ధైర్యం చేసింది.

"నాకు శిక్ష వేద్దురుగానిలెండి. ఆ పాట మాత్రం ఒక్కసారి పాడండి. మీ నోట్లో ఉన్నదాన్ని ఏ పసుపూ పాడుచెయ్యలేదు కదా. నేర్చుకుంటాను. ఒకళ్ళకి వచ్చినా ఉన్నట్టే."

ఆయన ఆవిడ వంక తిరిగాడు. కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి, ఒక మాట, రెండు మాటలు. ఆగిపోయాయి. మళ్ళీ మొదటికొచ్చి కదిలి, అక్కడే మళ్ళీ ఆగిపోయాయి. ఇరవయ్యెనిమిదేళ్ళు అది డబ్బాలో భద్రంగా ఉందన్న ధీమాతో ఆయన దాన్ని తలుచుకోనే లేదు. కళ్ళు తెరిచేసరికి వాటిలో ఆవిడ అదివరకెన్నడూ చూడని అసహ్యం ఉంది.

"గుర్తులేదు" అన్నాడు. "చాలా ఇప్పటికి?"

లేచి వెళ్ళి, ముందు డ్రైవరు వెనక ఖాళీగా ఉన్న సీట్లో కూర్చున్నాడు. కండక్టరు అక్కణ్ణించే టిక్కెట్లు కొట్టుకుంటూ వస్తున్నాడు. ఉయ్యూరు ఒకటి అని ఆయన చెప్పడం వెనక దాకా వినపడింది. ఇద్దరు కదా ఎక్కింది అన్నాడు కండక్టరు. ఒకటే అన్నాడాయన.

కండక్టరు ఆవిడ దగ్గరికొచ్చి, మీరెక్కడికమ్మా అని అడిగాడు. వేరే ఊరి పేరు ఏదైనా నోటికి వస్తుందేమోనని శాంతకుమారి ఒక్క నిమిషం ఆగినట్టు కూర్చుంది.

"ఉయ్యూరేనండీ" అంది.