కషాయం తాగే శృంగార కవి

మా ఆయన ఏరెన్‌ఫ్రీడ్ కుంకెల్ కవి. మా ఊళ్ళో ఆ మాట మొదట అన్నది ఆయనే, ఆ తరవాత కూడా ఎక్కువగా ఆయనే అంటూ వచ్చాడు. పగలంతా బడిపిల్లలకు లాటిన్ రుద్దేవాడు. సాయంత్రం ఉన్ని మేజోళ్ళు తొడుక్కుని, పొట్ట ఉబ్బరానికి చామంతి కషాయం తాగుతూ, మధుపాత్రల మీదా గులాబీల మీదా ఫిల్లిస్ అనే పిల్ల ముద్దుల మీదా పద్యాలు అల్లేవాడు. గుక్కెడు ద్రాక్షసారా లోపలికి పోతే మర్నాడు మంచం దిగలేని మనిషి.

ఆ పద్యాలు లైప్‌జిగ్ నగరంలో పుస్తకాలవాళ్ళు అచ్చువేస్తే, అవి బడి మీద పెత్తనం ఉన్న మా పెద్ద పాస్టరు గారి చేతిలో పడ్డాయి. తాగుబోతూ తిరుగుబోతూ పిల్లలకు పాఠాలు చెప్పడమా అని ఆయన అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఉద్యోగం పోతే బడివాళ్ళిచ్చిన ఇల్లూ పోతుంది. నేను మా ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాను.

"అదంతా కల్పన అని చెప్పెయ్యండి. ఒక్క మాటతో పోతుంది."

"నా అనుభూతి అబద్ధమని నేనే చెప్పుకోవాలా? జనం నవ్వరూ?"

"మనం వీధిన పడితే మాత్రం ఏడుస్తారా?"

"నీకు కవిత్వం తెలీదు సిబిల్లా," అన్నాడు, కషాయంలో తేనె కలుపుకుంటూ.

పాస్టరు గారు పెట్టిన విచారణ నాడు చర్చి సంఘం పెద్దలందరూ కూర్చున్నారు.

"ఈ ఫిల్లిస్ ఎవరండీ?" అని పాస్టరు గారు అడిగారు.

మా ఆయన కళ్ళు అరమోడ్చి, "ఆ పేరు నాతోనే సమాధికి పోతుంది" అన్నాడు. ఉద్యోగం పోతున్నా ఆ ముఖంలో ఎంత సంబరమో. నాకు ఒళ్ళు మండిపోయింది. వెనక బల్ల మీంచి లేచాను.

"అయ్యా, ఫిల్లిస్సూ లేదు, గిల్లిస్సూ లేదు. ఈయన తాగేది చామంతి కషాయం. ఇక ముద్దంటారా, పెళ్ళయిన నాటి నుంచీ నాకే పెట్టలేదు. బైబిలు మీద చెయ్యి వేసి చెప్పమన్నా చెబుతాను."

పిండిమర ఆసామి పక్కున నవ్వాడు. ఆ వెనకే అందరూ. పాస్టరు గారు రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఉద్యోగం నిలిచింది.

ఇంటికి వచ్చేదాకా మా ఆయన నాకంటే నాలుగడుగులు ముందే నడిచాడు. అంతమందిలో నేనన్న ఆ ముద్దు మాట గురించి ఏదో ఒకటి అంటాడని, ఇన్నేళ్ళకైనా నా ముఖంలోకి ఒకసారి చూస్తాడని, సిగ్గులేకుండా ఎదురుచూశాను.

తలుపు వేసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇదంతా లైప్‌జిగ్‌లో పుస్తకాలవాళ్ళ దాకా పోదు కదా?"