వాల్వుల పెట్టె

నూట అరవై కదుర్ల మిషను పక్కన కమలాక్షి ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తోంది. పొద్దున ఏడు గంటలకు మొదలైన నడక. ఎడమ చెయ్యి కొంగును నడుముకు అదిమి పట్టుకుని ఉంటుంది. కుడి చెయ్యి మాత్రం ఖాళీగా, కాస్త ముందుకు చాచి ఉంటుంది. పట్టుపోగు తెగిన చోటికి ఆ చెయ్యే ముందు పోతుంది. కదురును బొటనవేలితో నిలిపి, తెగిన రెండు కొసలూ నాలుక తడికి అద్ది, ముడివేసి వదిలేస్తుంది. ఒకసారి ఊపిరి తీసి వదిలేంత సేపు కూడా పట్టదు.

పోగు తెగితే చప్పుడులో తేడా ఏమీ రాదు. కదురు తనపాటికి తాను తిరుగుతూనే ఉంటుంది. చెవిని నమ్ముకుంటే ఈ పని సాగదు, కన్ను చూసుకోవాలి. పనిలో చేరిన రోజు మేస్త్రీ చెప్పిన మొదటి మాట అదే. పట్టుదారానికి పురిపెట్టే ఈ హిందూపురం ట్విస్టింగ్ ఫ్యాక్టరీలో ఆమె ఇరవై రెండేళ్లుగా చూస్తూనే ఉంది. చూపుడువేలి మీద పోగు కోసిన గాడి ఒకటి నల్లగా నిలిచిపోయింది. చెవులు సగం మొద్దుబారాయి. ఎవరైనా మాట్లాడితే వాళ్ల పెదాల వైపు చూడటం అలవాటయింది.

ఆ రోజు ఆమె పెదాలు కూడా కదులుతున్నాయి. ఒకే మాటను పదిరకాలుగా అని చూసుకుంటోంది. సాయంత్రం ఆరున్నరకు, పాత సౌండు సామాను కొనే లక్ష్మీకాంత్ ధర్మవరం నుంచి వస్తాడు. ఇంట్లో ఉన్న పాత వాల్వుల పెట్టెను తీసుకుపోతాడు. అతను వచ్చేలోగా, దాన్ని ఇవ్వొద్దని మొగుడితో చెప్పాలి. పనల్లా అంతే.

మధ్యాహ్నం బెల్లు కొట్టాక గోడవారన కూర్చుని క్యారియర్ విప్పుకున్నారు. ఈరక్క ఆమెతోపాటు చేరిన మనిషి, పక్క మిషను ఆమెది.

"ఏమ్మే కమలా, అన్నంతో మాట్లాడుతాండావా? పెదాలు కదులుతాండాయి."

"మా ఆయప్పకు ఒక మాట చెప్పల్ల."

"ఏం మాట?"

"ఆ పెట్టె ఇయ్యద్దని."

"ఇంతేనా! నేనేమో ఇంకో పెండ్లి చేసుకుంటానన్నాడేమో అనుకుంటి." ఈరక్క సంగటి ముద్దను తుంచి చారులో ముంచింది. "ఆ మోతకు మీ వీధి కుక్కలు గూడా పరిగికి పారిపాయె అంటాండ్రి. ఇప్పుడు పీడ పోతాంటే వద్దంటావేం?"

"కుక్కలు పారిపాయెనని నేనెప్పుడంటి?"

"నువ్వు అనలా. మీ ఎదురింటి అంజనప్ప అంటాండె."

కమలాక్షి క్యారియర్ గిన్నెకు మూత పెట్టింది. "నాకోసమని మార్చినాడు గదా అక్కా. ఇప్పుడెట్ల చెప్పేది?"

"ఎట్లనేమి, నోటితోనే," అంది ఈరక్క.

కమలాక్షి మొగుడు గంగాధరది పెనుకొండ. పదహారో ఏట రేడియోలు బాగుచేసే అంగట్లో చేరి, ఇరవయ్యో ఏటికి సొంతంగా సోల్డరింగ్ కడ్డీ పట్టుకున్నాడు. మూతపడిన టెంటు సినిమావాళ్ల దగ్గర పాత సౌండు సెట్టు ఒకటి దొరికితే, దాని వాల్వులనే గాజుబుడ్లూ ట్రాన్స్‌ఫార్మరూ ఊడదీసి తన గిటారు గొంతు పెంచే ఆంప్లిఫయరు పెట్టె ఒకటి కట్టుకున్నాడు. ప్లైవుడ్డు పలకలు, పైన నల్ల రెక్సిను. స్పీకరుకు ముందు బిగించడానికి గుడ్డ కావలసివస్తే, కొత్త పెళ్లికూతురు కమలాక్షి తన పచ్చ గళ్ల నేత చీర చెంగు చింపి ఇచ్చింది. ఆ పెట్టె ఆర్కెస్ట్రావాళ్లతో పాటు బస్సు టాపు మీద ఎక్కి మడకశిర, కదిరి, తనకల్లు అన్నీ తిరిగింది. పెళ్లిళ్లు, వినాయకుడి పందిళ్లు, ఉరుసులు. తెలుగులో ఒక పాట, కన్నడంలో ఒక పాట. పాడేవాళ్ల పేర్లు జనానికి గుర్తుండేవి. వెనకాల గిటారు వాయించే బక్కమనిషి పేరు ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

తర్వాత ఒక్క కీబోర్డే నలుగురి పని చేయడం మొదలుపెట్టింది. ఆర్కెస్ట్రా విడిపోయింది. రేడియోలు బాగుచేయించుకునేవాళ్లూ తగ్గారు. గంగాధర హిందూపురంలోనే ఒక ఎలక్ట్రికల్ అంగట్లో అయిదింటి దాకా ఫ్యాన్లకు కాయిలు చుడతాడు. ఆరు గంటలకు ఇంట్లో కూర్చుని, ఎవరికోసమూ కాకుండా, ఒక గంట వాయిస్తాడు.

పిల్లలు లేని ఇల్లది. ఆ గంటకు ముందు కమలాక్షికి ఒక పని ఉండేది. వాల్వులు వెంటనే పలకవు, వెచ్చబడాలి. అందుకని ఫ్యాక్టరీ నుంచి రాగానే, కాళ్లు కూడా కడుక్కోకముందే ఆమె పెట్టె మీట వేసేది. ఎర్రబల్బు వెలిగేది. వెనక సందులోంచి చూస్తే గాజుబుడ్ల లోపల కుంకుమంత ఎరుపు పుట్టేది. కాఫీ పొంగేసరికి పెట్టె సిద్ధం. వానాకాలంలో దాని నెత్తిన అగ్గిపెట్టె, దీపానికి చేసిన దూదివత్తులు పరిచేది. అవి కరకరలాడేలా ఆరేవి. అతను వాయిస్తుంటే వంటింటి బండ ఆమె అరికాళ్ల కింద సన్నగా అదిరేది. ఫలానా స్వరం దగ్గర అలమరలో స్టీలు లోటా ఒకటి 'జుయ్'మనేది. గంగాధర ఎన్నోసార్లు దాన్ని తీసి పక్కన పెట్టమన్నాడు. ఆమె తీసినట్టే తీసి, తిరిగి అక్కడే పెట్టేది. చెవులు మొద్దుబారుతున్నకొద్దీ ఆమె అతని పాటను కాళ్లతోనే విన్నది.

ఆరు నెలల కిందట జ్వరం వచ్చిన రోజున ఫ్యాక్టరీ నుంచి ఆలస్యంగా వచ్చి, రెండు చేతులతో తల పట్టుకుని గడపలో కూర్చుంది. అతను వాయిస్తున్నవాడు ఆగి చూశాడు. పెట్టె గొంతు సగానికి దించాడు. దించితే అది పలకదు, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంటుంది. ఇంకో రెండు నిమిషాలు వాయించి లేచిపోయాడు. ఆ వారమే బెంగుళూరుకు పోయి, టిఫిన్ డబ్బా అంత డిజిటల్ పెట్టె ఒకటి, హెడ్‌ఫోన్లు తెచ్చాడు.

"దీంట్లో ఇరవై పెట్టెల గొంతులుండాయి కమలా. మన పెట్టె గొంతు గూడా అచ్చం అట్లే వస్తాది. డ్రమ్ములు గూడా అదే వేస్తాది. బయటికి మాత్రం సూది పడినంత సద్దు గూడా రాదు. పొద్దంతా మిషన్ల సద్దు తిని వస్తావు. ఇంక ఇంట్లోనన్నా నీకు నిమ్మళం."

హెడ్‌ఫోన్లు ఆమె తలకు పెట్టి, చిన్నపిల్లవాడిలా ముఖంలోకి చూశాడు. నిజమే, అదే గొంతు. కానీ కాళ్ల కింద బండ కదల్లేదు. అంత ఆశగా చూస్తున్న మనిషితో ఆ సంగతి ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు.

"మంచిది," అంది.

ఆ ఒక్క మాటతో ఆరు నెలలు గడిచిపోయాయి. రోజూ ఆరు గంటలకు అతను గోడవైపు తిరిగి కూర్చుంటాడు. వేళ్లు కదులుతాయి. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆమె పిలిస్తే పలకడు, కాఫీ పెడితే తలతిప్పకుండా చెయ్యి ఎత్తుతాడు. తనకోసమని అతను మౌనంగా ఉన్నాడు. అతనికోసమని తనూ మౌనంగా ఉంది. పాతికేళ్లు ఒకే కప్పు కింద బతికాక కూడా, ఒకరి మనసు ఒకరికి తెలియాలంటే నోరు విప్పక తప్పదని దేవుడు ఎందుకు పెట్టాడో! దీపం ముందు కూర్చున్నప్పుడు ఒకసారి అడిగింది కూడా. అడిగి, తప్పేమో అని లెంపలేసుకుంది.

అయిదున్నరకు షిఫ్టు వదిలారు. కార్తీకమాసం, తుంపర పడుతోంది. కొంగు తలమీదికి లాక్కుని నడిచింది. పట్టునూగు అంటిన చేతులు తడిసి జిగురుగా ఉన్నాయి. దారిలో దీపానికి రెండు చామంతి పూలు కొన్నది. ఎదురింటి అరుగు మీద అంజనప్ప బీడీ ముట్టించుకోవడానికి తంటాలు పడుతున్నాడు.

"ఏమ్మా, మీ ఇంట్లో అగ్గిపెట్టెన్నా వెలుగుతాదా? ఈ ముసురుకు నాది చచ్చిపాయె."

"మాదీ అంతే అన్నా."

"మీ ఆయప్ప మూడింటికే వచ్చినాడులే. ఎడమ భుజం పట్టిందని చెప్పె."

పొద్దున కూడా అదే అన్నాడు. ఆమె కాస్త ఆముదం వెచ్చచేసి రాసింది. గిటారు పట్టీ ఒరుసుకుని ఉంటుందని అనుకున్నారు ఇద్దరూ.

తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల గంగాధర గోడవైపు తిరిగి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒళ్లో గిటారు, చెవులకు హెడ్‌ఫోన్లు. తల కాస్త ముందుకు వంగి ఉంది, ఏదైనా కొత్తది పట్టుకోవాలని చూసేటప్పుడు అలాగే వంగుతాడు. చిన్న పెట్టె మీద పచ్చలైటు వెలుగుతోంది. పాత పెట్టె మూలన ఉంది. దాని చుట్టూ కట్టడానికని కొబ్బరితాడు తెచ్చి పైన పెట్టి ఉన్నాడు.

ఆమె కాళ్లు కడుక్కుంది. కాఫీ పెట్టింది. లోటా అతని కుర్చీ పక్కన స్టూలు మీద ఉంచింది.

"కాఫీ."

చెయ్యి ఎత్తలేదు. వేళ్లు తీగల మీద ఉన్నాయి, మధ్యలో ఉన్నాడేమో. దీపం దగ్గరికి పోయింది. అగ్గిపుల్ల గీస్తే మందు మెత్తగా రాలిపోయింది. రెండోదీ అంతే. నాలుగోది అంటుకుంది. దీపం వెలిగించి, పూలు పెట్టి, దండం పెట్టుకుంది.

ఆరు దాటుతోంది. లక్ష్మీకాంత్ ఎక్కిన బస్సు ఈపాటికి పెనుకొండ దాటి ఉంటుంది. గంగాధర చెవుల మీదివి తీసేదాకా ఆగితే ఇక సమయం ఉండదు. ఆమె గడపలో కూర్చుంది. ఎలాగూ వినపడదు కదా అని ఒకసారి బయటికే అని చూసుకుంది. పొద్దటి నుంచి నోట్లో నలిగిన మాట అతని వీపుతో చెప్పింది.

"ఏమయ్యా, ఆ పెట్టె ఇయ్యద్దు. ఆ పొద్దు జరమొచ్చి తల పట్టుకుంటిని. నీ సద్దుకు కాదు. నాకు ఆ సద్దు కావల్ల. ఇల్లు ఎట్లనో ఉండాది. అంతే నేను చెప్పేది."

చెప్పేశాక గుండె తేలికపడింది. ఇంత చిన్న మాటా! ఇక అతని ముఖం ముందే చెప్పగలనని లేచింది. కుర్చీ పక్కకు వచ్చింది. కాఫీ మీద మీగడ ముడతలుపడి ఉంది. లోటా ముట్టలేదు. భుజం మీద చెయ్యి వేసింది. ఆముదం వాసన వచ్చింది. భుజం చల్లగా ఉంది.

ముందుకు వచ్చి ముఖం చూసింది, కళ్లు సగం మూసి ఉన్నాయి. తీగల మీది వేళ్లను తాకింది. తర్వాత హెడ్‌ఫోన్లు మెల్లగా తీసి, ఎందుకో తన చెవికి పెట్టుకుంది. లోపల డ్రమ్ము ఒక్కటే, ఒకే తాళం వేస్తూ పోతోంది. ఎంతసేపటి నుంచి వేస్తోందో. ఆపే మీట ఏదో ఆమెకు తెలియదు. హెడ్‌ఫోన్లు కుర్చీ చేతికి తగిలించి, బయటికి పోయి, "అంజనప్పన్నా, ఒకసారి రా," అంది.

మనుషులు వచ్చారు. కుర్చీలోంచి దించి చాప మీద పడుకోబెట్టారు. గిటారును గోడకు ఆనించారు. ఎవరో చిన్న పెట్టె తీగను గోడలోంచి పీకేశారు. తల దగ్గర ప్రమిద పెట్టారు. లక్ష్మీకాంత్ ఆరున్నరకు గోనెపట్టా చంకలో పెట్టుకుని వాకిట్లోకి వచ్చి, గుంపును చూసి, చెప్పులు విడవడం మరిచిపోయి నిలబడ్డాడు.

"అక్కా..." అన్నాడు. గోనెపట్టాను వెనక్కి దాచుకున్నాడు.

తలుపు తెరిచి ఉండటంతో చలిగాలికి ప్రమిద ఆరిపోయింది. అంజనప్ప పుల్ల గీశాడు. గీశాడు. గీశాడు.

"ఒక్కటీ అంటుకోలేదే! తల కాడ దీపం ఆరకూడదు. యాడన్నా ఎండిన అగ్గిపెట్టె ఉందేమో చూడండప్పా!"

కమలాక్షి లేచింది. దేవుడి దీపం నుంచి వత్తి అంటించి తెచ్చి ప్రమిద వెలిగించింది. మళ్లీ ఆరుతుందని ఆమెకు తెలుసు. తెల్లవార్లూ వెలగాలి. అంజనప్ప చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని మూలకు పోయింది. కొబ్బరితాడు తీసి కింద పెట్టింది. పాత పెట్టె వైరును గోడకు గుచ్చి, మీట వేసింది.

"అదెందుకమ్మా ఇప్పుడు?" అన్నాడు అంజనప్ప.

"వెచ్చబడల్ల," అంది ఆమె.

వచ్చి చాప పక్కన కూర్చుంది. కొంత సేపటికి, అందరికంటే ముందు ఆమె అరికాళ్లకే తెలిసింది, వాయించేవాళ్లు లేని పెట్టె హోరుకే బండ సన్నగా అదురుతోంది. మూలన ఎర్రబల్బు వెలుగులో పచ్చ గళ్ల గుడ్డ కనబడుతోంది. పెట్టె నెత్తిన చెమ్మగిల్లిన అగ్గిపెట్టె, మూత సగం తెరిచి, మెల్లగా ఆరుతోంది.