ఆపా విన్న చప్పుడు

మాసూమా బేగంకు వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించాలి. బోధన్ నుంచి నిజామాబాద్ పెద్ద దవాఖానకు ఆమెను తీసుకుపోయి తీసుకొచ్చేది ఎజ్రా. సగం జీవితం చెరుకు లారీల మీద గడిపిన మనిషి. నడుము మొరాయించాక లారీ వదిలేసి, ఒక పాత డీజిల్ కారు కొనుక్కుని కిరాయికి తిప్పుకుంటున్నాడు. మాసూమా కొడుకు అసద్ ఇళ్ళకు బండలు పరిచే పని మీద ఎప్పుడూ ఏదో ఊళ్ళో ఉంటాడు. అందుకని తల్లిని ఎజ్రా చేతిలో పెట్టి, "అన్నా, నువ్వున్నవనే ధైర్యం" అనేవాడు. ఆ మాటను ఎజ్రా ఎన్నడూ తేలిగ్గా తీసుకోలేదు. ఆమెను ఆపా అని, అంటే అక్కా అని పిలిచేవాడు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఉదయం, ఎడపల్లి దాటుతుంటే కారులో టెంపరేచర్ ముల్లు మెల్లగా పైకి లేచింది. ఎజ్రా ముందు దాన్ని నమ్మలేదు. వేలితో అద్దం మీద కొట్టి చూశాడు. ముల్లు ఇంకొంచెం లేచింది.

"ఎజ్రా, బండ్ల ఏదో అరుస్తుంది," అంది వెనక సీట్లోంచి మాసూమా.

"అవునాపా, నాక్కూడ ఇనస్తుంది. గుడగుడ అంటుంది."

మాసూమా ఏదో అనబోయి ఊరుకుంది. ఎజ్రా కారును వేపచెట్టు నీడకు తీసి ఆపాడు. బానెట్ ఎత్తితే వేడి మొహానికి కొట్టింది. చల్లారేదాకా ఆగి, సీసాలో నీళ్ళు రేడియేటర్‌లో పోస్తే గటగటా తాగేసింది. ఆ నీళ్ళన్నీ ఎటు పోయినట్టు? కింద చుక్క తడి లేదు. పైపులు తడిమాడు, ఎక్కడా కారడం లేదు. అర్థం కాక తల గోక్కుంటూ మళ్ళీ స్టీరింగు ముందు కూర్చున్నాడు. దవాఖానకు ఆలస్యంగా చేరారు. నర్సు విసుక్కుంటే మాసూమాయే సర్దిచెప్పింది.

సాయంత్రం కారు ముక్తార్ షెడ్డులో ఉంది. బోధన్‌లో ఆచన్‌పల్లి దారిలో ఆ షెడ్డు. ముక్తార్ తండ్రి కూడా మెకానిక్కే. ముక్తార్ చిన్నప్పటినుంచీ రేకులు కొట్టే చోటా ఇంజన్ల పక్కనా పెరిగాడు. ఎజ్రాకు లారీ రోజులనాటి దోస్తు.

"గుడగుడ అంటుందంటే నీళ్ళల్ల గాలి చేరినట్టు," అన్నాడు ముక్తార్. "మూత ఢీలా అయినట్టుంది. మూత మారుద్దాం, నీళ్ళు వదిలే వాల్వు గూడ మారుద్దాం. పరేషాన్ గాకు."

మూత మార్చాడు. వాల్వు మార్చాడు. రేడియేటర్ కడిగి, గాలంతా పోయేదాకా ఇంజన్ నడిపించాడు. ఇద్దరూ కలిసి రుద్రూర్ దారిలో కొంతదూరం తిప్పుకొచ్చారు. ముల్లు మధ్యలోనే నిలబడింది, గుడగుడ లేదు. ఎజ్రా ఊపిరి పీల్చుకున్నాడు.

తర్వాతి ప్రయాణంలో కారు ఇంకా బోధన్ పొలిమేర దాటకముందే మాసూమా ముందుకు వంగింది.

"బాగు చేపించినన్నవు గద? మళ్ళ అరుస్తుంది."

ఎజ్రా చెవి రిక్కించాడు. ఇంజన్ మోత, టైర్ల చప్పుడు, కిటికీలోంచి గాలి. అంతే. గుడగుడ లేదు.

"ఏం లేదాపా."

"ఎట్ల లేదు? సన్నగ, తెగకుండ అరుస్తుంటే."

ఎజ్రా కిటికీ అద్దాలన్నీ ఎక్కించాడు. కారు పక్కకు తీసి, బానెట్ ఎత్తి, ఇంజన్ మీదికి వంగి విన్నాడు. ఆమె కూడా దిగి పక్కన నిలబడింది. "గిదే, గిదే!" అని చేత్తో చూపించింది. అతను ఆమె వేలు చూపిన చోటికే తల దగ్గరగా పెట్టాడు. ఏమీ లేదు. ఆమె మొహం చూశాడు. అబద్ధమాడే మనిషి కాదు. అంగన్వాడీలో పిల్లలకు చదువు చెప్పి రిటైరైన మనిషి, మాట తూచినట్టు మాట్లాడుతుంది. మరి ఇదేంటి?

ఆ రాత్రి అన్నం తింటూ భార్య రజినితో చెప్పాడు. "ఆపాకు ఒంట్లో మంచిగ లేనట్టుంది. లేని సప్పుడు ఇనబడుతుందంటుంది. కిడ్నీలు ఖరాబైతే రక్తంల విషం తలకెక్కుతదంట గద. అసద్‌కు చెప్పాల్నా వద్దా సమజైతలేదు."

రజిని గిన్నెలో పప్పు కలుపుతూ, "మరి బండి వేడెక్కుతలేదా?" అని అడిగింది.

"వేడెక్కుతలేదు," అన్నాడు గానీ, ఆ మాట అంటుంటేనే అతనికి అనుమానం వచ్చింది. తిరుగు ప్రయాణంలో జానకంపేట దగ్గర ముల్లు మళ్ళీ కొంచెం లేచినట్టే అనిపించింది. ఎండ వల్లనేమో అని సరిపెట్టుకున్నాడు.

ఎండ వల్ల కాదు. ఆ వారంలోనే నిజామాబాద్ నుంచి వస్తూ సారంగాపూర్ దగ్గర బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి ఎగసింది. డయాలసిస్ తర్వాత మాసూమా నీరసంగా సీట్లో ఒరిగిపోయి ఉంది. ఎజ్రా ఆమెను చేయి పట్టి దింపి, చెరుకు ట్రాక్టర్ ఒకటి ఆగి ఉంటే దాని నీడలో కూర్చోబెట్టాడు. వెనక్కి తిరిగి కారు దగ్గరికి పోతుంటే ఆమె మెల్లగా అంది.

"నేను చెప్తనే ఉన్న. నువ్వు ఇనలే."

"ఆపా, నువ్వు చెప్పిన సప్పుడు నాకు ఇనబడలే. ఒట్టు. నీకు ఒంట్లో మంచిగ లేక గట్ల అనిపిస్తుందేమో అనుకున్న."

మాసూమా కళ్ళు చిన్నవయ్యాయి. "అంటే నాకు పిచ్చి లేసిందనుకున్నవా?"

ఆమె కొంగు తల మీదికి లాక్కుని మొహం అటు తిప్పుకుంది. ఆ దారిన పోయే ఆటోను ఆమే ఆపింది. ఎక్కేటప్పుడు ఎజ్రా చేయి అందించినా పట్టుకోలేదు.

మర్నాడు ముక్తార్ ఇంజన్ చుట్టూ తిరిగి తిరిగి పెదవి విరిచాడు.

"మూత కొత్తది. వాల్వు కొత్తది. ఫ్యాను తిరుగుతుంది. రేడియేటర్ సాఫ్‌గుంది. నీళ్ళేమో మాయమైతున్నయి. ఇంజన్ తల కింది గ్యాస్కెట్ పోయిందేమో ఎజ్రా. ఇంజన్ తల ఇప్పాలె."

"పక్కానా?"

"పక్కా అంటే..." ముక్తార్ ఆగాడు. "గ్యాస్కెట్ పోతే పొగ తెల్లగ రావాలె, ఆయిల్ల నీళ్ళు కలవాలె. గవేం లేవు. కానీ ఇంకేం మిగిలింది చెప్పు? నాకు గూడ దిమాక్ పని చేస్తలేదు."

ఇంజన్ తల విప్పితే కారు చాలా రోజులు షెడ్డులోనే ఉంటుంది. ఎజ్రా ఇంటికి పోయి మంచం మీద కూలబడ్డాడు. మాసూమా ఫోను ఎత్తడం లేదు. అసద్ ఫోను చేసి, "ఏమైందన్నా, అమ్మ ఇంక నీ బండి ఎక్కనంటుంది" అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. కారు గురించి చెప్పాలా, చప్పుడు గురించి చెప్పాలా, తను అన్న మాట గురించి చెప్పాలా?

పొద్దున్నే రజిని చీర మార్చుకుని బయలుదేరింది. "నేనూ వస్త. ఇంజన్ ఇప్పక ముందు ఒక్కసారి సూస్త. ఆపా ఊకెనే అనే మనిషి గాదు."

"నువ్వు సూసి ఏం జేస్తవ్?" అన్నాడు ఎజ్రా. అయినా వద్దనలేదు.

ముక్తార్ పానాలు పరిచి సిద్ధంగా ఉన్నాడు. రజిని అడిగిందని, చివరిసారి ఇంజన్ స్టార్ట్ చేశాడు. స్టార్ట్ చేసిన క్షణంలోనే రజిని రెండు చెవులూ మూసుకుంది.

"అమ్మో! గీ కీచుమనేదేంది?"

ముక్తార్, ఎజ్రా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏ కీచు చెల్లె?" అన్నాడు ముక్తార్.

"గిదే! సీకట్ల ఈలపురుగు అరిసినట్టు. మీకు ఇనస్తలేదా?"

"గుడగుడ గాదా?" అన్నాడు ఎజ్రా.

"గుడగుడ యాడిది? కీ... అని సన్నగ పొడుస్తుంది చెవిల."

ముక్తార్ నవ్వబోయాడు. భార్యాభర్తలు కలిసి తనతో తమాషా చేస్తున్నారేమో అనుకున్నాడు. కానీ ఎజ్రా మొహంలో నవ్వు లేదు. అంతలో పక్కన టీ కొట్టు నడిపే ప్రమీలమ్మ గ్లాసులు పట్టుకుని లోపలికి వచ్చింది.

"గా బండి బంద్ జెయ్యి ముక్తారన్నా! మొన్నటి సంది గదే కీచు. నా చెవులు తూట్లు పడుతున్నయి."

ఇంజన్ నడుస్తూనే ఉంది. ముక్తార్ తల ఒక పక్కకు వంచి విన్నాడు, ఇంకో పక్కకు వంచి విన్నాడు. ఎజ్రా కళ్ళు మూసుకుని విన్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు చెవులు మూసుకుని నిలబడిన చోట, ఆ ఇద్దరు మగవాళ్ళకూ మామూలు ఇంజన్ మోత తప్ప ఏమీ వినబడలేదు.

ముక్తారే ముందు తేరుకున్నాడు. "సరే. నాకు ఇనస్తలేదు. నీకు ఇనస్తుంది. నువ్వే చెప్పు చెల్లె, ఎప్పుడు ఆగుతదో." బెల్టు జారి అరుస్తుందేమోనని దాని మీద నీళ్ళు చల్లాడు.

"ఆగలే," అంది రజిని.

ఇంజన్ ఆపి, బెల్టు ఊడదీసి, మళ్ళీ ఒక్క నిమిషం స్టార్ట్ చేశాడు.

"ఆగింది!" రజిని చేతులు దించింది. "ఇప్పుడు మంచిగున్నది."

ముక్తార్ గబగబా ఇంజన్ ఆపేశాడు. బెల్టు తిప్పేవాటిని ఒక్కొక్కటే చేత్తో తిప్పి చూశాడు. కరెంటు పుట్టించే డైనమో నున్నగా తిరిగింది. ఇంజన్ చుట్టూ నీళ్ళు తిప్పే పంపు చక్రాన్ని పట్టుకుని ఊపితే అటూ ఇటూ కదిలింది. లోపల ఇసుక నలిగినట్టు చేతికి తగిలింది.

"యా అల్లా," అన్నాడు. "బేరింగు పోయింది. నేను దీన్ని ముట్టనే లేదు. కారుతలేదు గదా అనుకున్న."

పంపు విప్పి బయటికి తీశాడు. దాని కింద సన్నటి రంధ్రం దగ్గర తుప్పు రంగు చార ఎండిపోయి ఉంది. నీళ్ళు కొంచెం కొంచెంగా కారి, ఇంజన్ వేడికి అక్కడికక్కడే ఆవిరైపోయాయి. అందుకే కింద తడి లేదు. నీళ్ళను నెట్టాల్సిన రెక్కలు బోరునీళ్ళకు తుప్పు పట్టి సగానికి అరిగిపోయాయి.

"అయితే గుడగుడ?" అని అడిగాడు ఎజ్రా.

"గది నీళ్ళు తక్కువై మసిలినప్పటి సప్పుడు. ఆపా విన్నది వేరే. నువ్వు ఒకటి చెప్పినవు, ఆమె ఒకటి చెప్పింది. ఇద్దరూ ఒక్కటే అంటున్నరని అందరం అనుకున్నం."

కొత్త పంపు వచ్చింది, బిగించారు. ఆ తర్వాత ఎంతదూరం నడిపినా ముల్లు మధ్యలోంచి కదలలేదు. అయినా ఎజ్రాకు నిమ్మళం లేదు. కారు బాగైంది సరే, తనకేమైంది? లోకమంతా విన్నదాన్ని తను వినలేదు. ఇంకా ఏమేమి వినడం లేదు? చర్చిలో పిల్లలు పాడేటప్పుడు మాటలు అర్థం కాక, ఈ కాలం పిల్లలు నోరు తెరిచి పాడరని విసుక్కునేవాడు. ఇప్పుడు ఆ విసుగు కూడా నిజమో కాదో తెలియడం లేదు. రజినిని అడిగాడు.

"ఎన్నోసార్లు పిలిస్తే పలుకవు," అంది రజిని. "నా మీద కోపమేమో అనుకునేదాన్ని."

"కోపం నీ మీద నాకెందుకుంటది?"

"నాకేం తెలుసు? పలుకకపోతే గట్లనే అనుకుంటరు."

ఆదివారం చర్చి నుంచి నేరుగా మాసూమా ఇంటికి పోయాడు. ఆమె తలుపు తెరిచి పక్కకు జరిగింది. ఎజ్రా గడపలోనే నిలబడ్డాడు.

"ఆపా, పిచ్చి నీకు గాదు. చెవుడు నాకు. నువ్వు చెప్పింది నిజం. మాఫ్ జెయ్యి."

మాసూమా అతని చెవి వైపు చూసింది. "డాక్టరుకు చూపించినవా?"

"లేదు."

"మరి నన్ను వారానికి రెండుసార్లు గా దవాఖానకే తీస్కపోతవ్. నేను లోపల పండుకున్నంతసేపు నువ్వు బయట ఏం జేస్తవ్? ఫోన్ల బొమ్మలు సూస్తవ్. పో, చూపించుకో."

అట్లా ఎజ్రా చెవుల డాక్టరు ముందు కూర్చున్నాడు. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినబడితే మీట నొక్కమన్నారు. మొదట్లో నొక్కాడు. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. మిషన్ పాడైందేమో అనుకుని అద్దంలోంచి అటు చూస్తే, పరీక్ష చేసే అమ్మాయి ఇంకా మీటలు తిప్పుతూనే ఉంది. పరీక్ష అయ్యాక డాక్టరు, "ఏండ్ల తరబడి పెద్ద మోతల దగ్గర పనిచేస్తే సన్నటి చప్పుళ్ళే ముందు పోతాయి. మాటలు వినబడుతూనే ఉంటాయి కాబట్టి మనిషికి తెలియదు," అన్నాడు. పోయినవి తిరిగిరావని, చెవికి మిషన్ పెట్టుకుంటే కొంత నయమని చెప్పాడు. ఎజ్రా తల ఊపాడు. పోయినట్టే తెలియనిదాన్ని గురించి ఎట్లా బాధపడాలో అతనికి అర్థం కాలేదు. ఆ సాయంత్రమే ముక్తార్‌కు ఫోను చేసి, నువ్వూ పోయి చూపించుకో అన్నాడు. "సూద్దాం లే," అన్నాడు ముక్తార్. అతను పోలేదు.

వానలు మొదలయ్యాక ఎజ్రా చెవికి మిషన్ వచ్చింది. దాన్ని పెట్టుకుని మొదటిసారి మాసూమాను ఎక్కించుకుని బయలుదేరిన రోజు, బోధన్ వదలకముందే అతను కారును సర్రున పక్కకు తీసి ఆపాడు. గాభరాగా దిగి బానెట్ ఎత్తాడు. బెల్టు చూశాడు, పంపు తడిమాడు, కింద వంగి చూశాడు. ఏమీ లేదు. లోపలికి వచ్చి కూర్చున్నాడు. చప్పుడు అట్లాగే ఉంది.

"ఆపా, బండి మళ్ళ ఖరాబైంది. టిక్కు టిక్కు అంటుంది. నీకు ఇనస్తుందా?"

మాసూమా ముందుకు వంగి వింది. తర్వాత ఈ దారిలో ఎజ్రా ఎన్నడూ చూడనట్టు, నీరసమంతా మరిచిపోయి కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

"గది ఇండికేటర్ ఎజ్రా. మలిగేటప్పుడు ఏసినవు గద, బంద్ జెయ్యలేదు. నీ బండి కొన్నప్పటి సంది అట్లనే అంటుంది."

ఎజ్రా మీట పైకి తోశాడు. టిక్కు ఆగింది. మళ్ళీ కిందికి వేశాడు. టిక్కు టిక్కు. నమ్మకం కుదరక ఇంకోసారి ఆపి, ఇంకోసారి వేసి చూశాడు. వెనకనుంచి వచ్చిన బస్సు హారను కొట్టేసరికి ఉలిక్కిపడి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

"నడువు," అంది మాసూమా. "నర్సు మళ్ళ తిడుతది."