త్రెం పట్టుకో!

మా మీనస్ రాష్ట్రంలో ప్రతిదీ త్రెమే. గరిటె త్రెం, చెప్పు త్రెం, కడుపునొప్పి కూడా ఒక త్రెం. రైలుకైతే అసలు పేరే అది. ఎవరు ఏ త్రెం అంటున్నారో మాకు ఇట్టే తెలిసిపోతుంది. అని అనుకుంటాం.

సెలవు మా హక్కని బట్టల మిల్లు గేటు ముందు గొంతు చించుకున్నదాన్ని నేను. యజమాని పెట్టిన భిక్ష కాదది, గుంజుకున్నది. తీరా వచ్చాక దాన్నేం చేసుకోవాలో నాకూ మా ఆయన నికనోర్‌కూ తోచలేదు. అప్పుడే తిరదెంచిస్ నుంచి చెల్లెలు ఒదీలా ఫోన్ చేసింది. అమ్మ పోయినప్పుడు, జామ హల్వా కాచే రాగి బాణలి కోసం ఇద్దరం జుట్లు పట్టుకున్నాం. బాణలి నాకు దక్కింది, చెల్లెలు దక్కలేదు. ఇన్నేళ్లకు మళ్లీ ఆ గొంతు విన్నాను.

"త్రెంతో వస్తే రా, జుల్మీరక్కా. లేకపోతే రావద్దు." ఠక్కున పెట్టేసింది.

బాణలి లేకపోతే గడప తొక్కనివ్వదన్నమాట. సరే, తళతళా తోమాను.

సావ్ జువావ్ స్టేషన్లో నికనోర్ బాణలి ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కాళ్లు చాపాడు. నేను కాఫీకి వెళ్లాను. డబ్బులిస్తుండగానే రైలు కూత వినబడింది.

"త్రెం పట్టుకో, నికనోర్! వదిలావో చంపేస్తా!"

సమ్మెలో పోలీసులు తరిమినప్పుడు కూడా ఆ మనిషి అలా పరుగెత్తలేదు. నేను చివరి పెట్టెలోకి ఎగిరాను. పెట్టెలన్నీ దాటుకుని వెళ్లి చూస్తే, ఆయన చెమటతో, గర్వంతో, ఉత్త చేతులతో కూర్చున్నాడు.

"పట్టుకున్నానే!"

"బాణలెక్కడయ్యా?"

"త్రెం పట్టుకోమన్నావు. బాణలి అన్నావా?"

"ఒళ్లో ఉన్నది త్రెం కాదూ?"

"ఒళ్లో ఉన్నదాన్ని మళ్లీ పట్టుకోమంటారటే ఎవరైనా?"

అందరూ నదికీ కొండకీ ఫొటోలు తీస్తున్నారు. నేను మాత్రం చెల్లెలికి ఏం చెప్పాలా అని గోళ్లు కొరుక్కుంటున్నాను. ఇంత పోరాడి తెచ్చుకున్న సెలవు!

తిరదెంచిస్‌లో ఒదీలా చేతులు కట్టుకుని ప్లాట్‌ఫారం మీదే ఉంది.

"బాణలి తేలేదే," అన్నాను.

"ఏ బాణలి?"

"త్రెంతో రమ్మన్నావుగా!"

"రైల్లో రమ్మన్నానే తల్లీ! బస్సులో వస్తే చౌరస్తాలో దిగుతావు. అక్కడ ఎవడో ఒకడితో వాదన పెట్టుకుంటావు, ఇక ఇల్లు చేరినట్టే. స్టేషనైతే నేనొచ్చి లాక్కుపోవచ్చు."

నాకు నవ్వాగలేదు. నికనోర్ కూడా ధైర్యం తెచ్చుకుని నవ్వాడు. ఒదీలా నవ్వలేదు.

"ఆగాగు. అమ్మ బాణలి ఎక్కడ వదిలేశారు?"

"బెంచీ మీద, మరదలా," అన్నాడు నికనోర్.

"నాకివ్వనని ఆ రోజు నా చెయ్యి కొరికావు కదే! ఇప్పుడు బెంచీకిచ్చావా?"

మా ఇద్దరి రెక్కలూ పట్టి తిరుగు రైలెక్కించింది. దారంతా తిట్టింది. నేనూ తిట్టాను. ఇన్నేళ్ల బకాయి ఒక్క ప్రయాణంలో తీరుతుందా?

బాణలి సావ్ జువావ్‌లోనే ఉంది. కాఫీ కొట్టావిడ దాన్నిండా చీజ్ బన్నులు పోసి అమ్ముతోంది. ఒదీలా బాణలి ఒక చెవి పట్టుకుంది, నేను రెండోది. బన్నులతో సహా లేపాం.

"ఇంతకీ త్రెం ఎవరింటికి పోతుంది?" అన్నాడు నికనోర్.

ఏ త్రెమని ఎవరూ అడగలేదు.

"మా ఇంటికి!" అన్నాం ఇద్దరం.