మాగిన నూనె

పెనుకొండ స్టేషనులో దిగిన ప్రతి సాయంకాలమూ ప్రమీల వెంటనే ఇంటిదారి పట్టేది కాదు. హిందూపురం నుంచి తనను మోసుకొచ్చిన రైలు చివరి పెట్టె కనుమరుగయ్యేదాకా నిలబడి చూసేది. ఆ రైలు నేరుగా ధర్మవరం పోతుంది. అక్కడ ఆమె భర్త కుళ్లాయప్ప ఉన్నాడు. తాను కూర్చున్న బల్ల అతడున్న ఊరికి పోతుంది. తాను మాత్రం నడుమనే దిగిపోవాలి. వస్తానంటే వద్దన్నాడు. "నా మింద పడిన మాట తీసేసినాకే నీకు మొగం చూపిస్తా" అన్నవాడు, అన్నట్టే పండుగకూ రాలేదు, పబ్బానికీ రాలేదు.

అతని మీద పడిన మాట అతని నోటినుంచి వచ్చిందే. మాగింది.

హిందూపురంలో రంగుల కంపెనీలకు రెసిను వండి పంపే ఫ్యాక్టరీలో ప్రమీల ల్యాబులో పనిచేస్తుంది. కుళ్లాయప్ప అక్కడే హీటరు ముట్టించేవాడు. హీటరులో కాగిన నూనె గొట్టాల వెంట పోయి, రెసిను ఉడికే కెటిళ్లకు వేడినిచ్చి, తిరిగి హీటరుకే చేరుతుంది. థర్మిక్ ఆయిల్ అని దానికొక పేరున్నా అందరికీ అది నూనే. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి అది నల్లబడింది. పెనం మాగితే దోసె అంటుకోకుండా లేస్తుంది, ఊరగాయ మాగితే రుచికొస్తుంది. ఆ లెక్కనే కుళ్లాయప్ప నల్లనూనెను చూసి, "మాగిండాది, ఇంక చెప్పినమాట వింటాది" అనేవాడు. సూపర్వైజర్లు నవ్వి తామూ ఆ మాటే అనేవారు. ఒకసారి పరీక్షకు పంపుదామని ప్రమీల అడిగితే, మాగినదానికి పరీక్షేమిటన్నారు.

ఒకనాడు పంపు దగ్గర నూనె కారి, వేడి పోకుండా గొట్టానికి చుట్టిన గాజుదూదిలోకి ఇంకి, భగ్గుమంది. ఎవరి ప్రాణమూ పోలేదు. కుళ్లాయప్ప ముంజేయి కాలింది. నూనె ఎందుకు చెడిందని విచారణలో ఒక్కరూ అడగలేదు. నల్లబడిందని తెలిసీ మాగిందన్నాడని, తప్పంతా అతని నెత్తిన రుద్దారు. ఆ తరువాత హిందూపురంలో ఏ హీటరూ అతణ్ణి దగ్గరికి రానీయలేదు. ధర్మవరంలో పట్టునూలుకు రంగువేసే పాకలో చేరాడు.

హీటరు బాగుపడింది. అందులో ఏ నూనె పోయాలన్నది తేల్చడానికి మేనేజరు చంద్రశేఖర్ ప్రమీలనూ సూపర్వైజర్లనూ కూర్చోబెట్టాడు.

"అదే రకం నూనె మళ్లా పోస్తే పోలా?" అన్నాడు చంద్రశేఖర్. "మన గేజి రెండువందల తొంభై దాటదు. అది మూడువందల దాకా తట్టుకుంటాదని డ్రమ్ము మిందనే రాసిండారు గదమ్మా."

"గేజి చెప్పేది నడుమ పారే నూనె వేడి సార్. మంటకెదురుగా గొట్టం గోడను ఆనుకోని పల్చగా ఒక పొర పోతాదే, దాని వేడి ఇంకా ముప్పై నలభై డిగ్రీలు ఎక్కువ. రెండో కెటిలు పెట్టినాక మంట పెంచినారు, పంపు మాత్రం పాతదే. నిదానంగా పారే నూనె గోడకాడ మాడకుండా యెట్లుంటాది? మనం నడుమ చూసి కొన్నాం. అంచు చూసి కొనల్ల."

"అట్లయితే నూనెకు బదులు ఉప్పు కరిగించి తిప్పుదామా? యెంత వేడైనా ఆగుతాదంట."

"ఒక పూట కరెంటు పోతే గొట్టాల్లోనే గడ్డకడతాది సార్. ఊది కరిగించేదానికి మిమ్మల్నే కూసోబెట్టల్ల."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. గోడవేడికి కూడా విరగని సింథటిక్ నూనె, పెద్ద పంపు, క్రమం తప్పని పరీక్ష: ఈ మూడూ కలిసే రావాలని చెప్పింది. చంద్రశేఖర్ తలూపాడు.

"సరే, అదే తెప్పిద్దాం. పాతది తప్పని మాత్రం అనొద్దు. కొత్తది ఇంకా మేలని చెప్దాం. అందరి మర్యాదా నిలుస్తాది."

"అందరిదీ అంటే యెవురెవురిది సార్? మా ఆయన మర్యాద ధర్మవరంలో ఉండాది."

ప్రమీల అక్కడితో ఆపలేదు.

"పాత నూనె మంచిదే అయితే మారుస్తాండేది యేల? చెడ్డదైతే, ఆ తప్పు యెంచినోళ్లది. ముట్టించినోనిది కాదు. ఆ మాట అందరూ వింటాండగా మీ నోటినుంచే రావల్ల. లేదంటే ఈ నూనె నేను యెంచినానని నా పేరు యాడా చెప్పొద్దండి."

చంద్రశేఖర్ కిటికీలోంచి హీటరు వైపు చూశాడు. గోడమీది మసి ఇంకా పోలేదు. "కొత్త నూనె పోసినాక టెంకాయ కొట్టేది యెవురమ్మా?" అన్నాడు.

"ముట్టించేటోడు కొట్టల్ల సార్. అది మీకూ తెలుసు."

కొత్త నూనె డ్రమ్ములు దిగిన సాయంకాలం షిఫ్టు మారేవేళ చంద్రశేఖర్ అందరినీ నిలబెట్టి చెప్పాడు. నీళ్లు నమిలాడు. అయినా చెప్పాడు: నూనె ఎంచుకోవడంలో తప్పు కంపెనీది, కుళ్లాయప్పది కాదు.

ఆ సాయంకాలం పెనుకొండలో రైలు ఆగింది. ప్రమీల దిగలేదు.

రంగుపాకలో కుళ్లాయప్ప రాగిబానలో పట్టునూలు తిప్పుతున్నాడు. మోచేతుల దాకా ఎరుపు. కాలిన మచ్చ మీద మాత్రం రంగు సరిగా పట్టలేదు. ఆమెను చూసి కట్టె ఆపాడు, మళ్లీ తిప్పసాగాడు.

"వద్దన్యా గదా."

"మేనేజరు చెప్పినాడు. అందరి ముందరా."

"యేమని?"

ఆమె విన్నది విన్నట్టు చెప్పింది. అతను ఆవిరిలోకి మొహం వంచుకున్నాడు.

"రేపు టెంకాయ నువ్వే కొట్టల్లంట."

"ఆయప్ప రమ్మన్యాడా, నువ్వు రమ్మంటాండావా?"

"ఫ్యాక్టరీకి ఆయప్ప రమ్మన్యాడు. ఇంటికి నేను రమ్మంటాండా."

అతను నూలు తీసి దండెం మీద ఆరేశాడు, చేతులు కడిగాడు, మళ్లీ కడిగాడు. ఎరుపు పోలేదు.

"ఈ రంగు పోదే."

"పోకుంటే పోనీ. రైలుకు టైమయితాండాది."

కండువా దులిపి భుజాన వేసుకుంటూ అడిగాడు: "కొత్త నూనె యెట్లుండాది?"

"తేటనీళ్ల మాదిరి."

"నల్లబడితే ఈతూరి మాగిందనను ప్రమీలా" అన్నాడు కుళ్లాయప్ప, ఆమె చేతిలోని సంచి అందుకుంటూ. "మాడిందంటా. గట్టిగా అంటా."